ఎవరికి పరిచితం? సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో పాత, కొత్త సాంకేతికతల ఎంపిక

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదట్లో తీసుకునే నిర్ణయాల్లో, పని ముగిసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఖర్చు రూపంలో వెన్నంటి వచ్చేది, దాన్ని ఏ సాంకేతికతల మీద కట్టాలన్న నిర్ణయమే. ప్రోగ్రామింగ్ భాష, సమాచారాన్ని భద్రపరిచే డేటాబేస్, తరచూ అవసరమయ్యే పనులను ముందే సిద్ధం చేసి ఇచ్చే ఫ్రేమ్‌వర్క్, ఇవన్నీ నడిచే సర్వరు వ్యవస్థ అన్న నాలుగు చోట్లా బృందానికి చేయి తిరిగినది ఒకటి ఉంటుంది. ఈ మధ్యనే వెలువడి, తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇస్తుందని పేరు తెచ్చుకుంటున్నది మరొకటి ఉంటుంది. ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలన్న చర్చ దశాబ్దాలుగా సాగుతున్నా, చాలా సందర్భాల్లో అది పాతవాటి మీద గౌరవానికీ కొత్తవాటి మీద మోజుకీ మధ్య జరిగే అభిరుచుల తగాదాగానే మిగిలిపోయింది. ఆ చర్చలోని ప్రధాన వాదాలనూ తెలుగువారి అనుభవంలోని కొన్ని ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూడడం ఈ సమీక్ష పని. పరిచయం అన్నది ఒక సాంకేతికతకు సహజంగా ఉండే గుణమైతే ప్రశ్నకు జవాబు తేలికే. సాంకేతికతకూ, దాన్ని వాడే, మరమ్మతు చేసే, చివరికి దాని భారం మోసే మనుషులకూ మధ్య ఏర్పడే సంబంధం కావడం వల్లనే చిక్కంతా వస్తుంది.

ఈ చిక్కు స్పష్టంగా కనిపించే ఊళ్లలో సూరత్ ఒకటి. నగరానికి నైరుతి దిక్కున భటార్, వేసు ప్రాంతాల సరసన ఉన్న ఆల్థాన్ గత కొన్ని దశాబ్దాల్లో అపార్ట్‌మెంట్లతో, వాణిజ్య సముదాయాలతో పెరిగిన పేట. దానికి దక్షిణంగా, అట్టే దూరం లేని ఖజోద్‌లో 2023 డిసెంబరు 17న సూరత్ డైమండ్ బోర్స్ ప్రారంభమైంది. నగరానికి మరోవైపున లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మరమగ్గాల మీద బతికే కుటుంబాల్లో తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలీలు గణనీయంగా ఉన్నారు. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిచే ఏడు బోధనా మాధ్యమాల్లో తెలుగు ఒకటి. ఇటువంటి ఊళ్లో సాఫ్ట్‌వేర్ కొనేవారు మగ్గాల యజమానులు, చీరల టోకు వర్తకులు, ఎంబ్రాయిడరీ యూనిట్లు, వజ్రాలు సానపట్టే కార్ఖానాలు. రాసిపెట్టేవి చాలావరకు చిన్న సంస్థలు. రాసినవాడు కొద్ది ఏళ్లలో మరో ఉద్యోగం చూసుకుంటాడు, కొన్నవాడు మాత్రం ఆ ప్రోగ్రాము తన మగ్గమంత కాలం నడవాలని ఆశిస్తాడు. సాంకేతికతల ఎంపిక మీద వెలువడిన రచనల్లో అత్యధికం అమెరికన్ పెద్ద కంపెనీల అనుభవం నుంచి, అంటే రాసినవారూ వాడేవారూ మరమ్మతు చేసేవారూ ఒకే కప్పు కింద ఉండే పరిస్థితి నుంచి పుట్టినవి కనక, వాటిని సూరత్‌లోనో సిరిసిల్లలోనో చదివేవారు ఈ తేడాను ముందుగా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

మొదట తేల్చుకోవలసింది, కొత్తదనం రెండు రకాలన్న సంగతి. లోకానికే కొత్తది ఒకటి, బృందానికి మాత్రమే కొత్తది మరొకటి. లోకానికి కొత్తదైన సాంకేతికతలో ఎక్కడ ఏ లోపం దాగి ఉందో ఇంకా ఎవరికీ తెలియదు. బృందానికి మాత్రమే కొత్తదైన దానిలో లోపాలు ఎక్కడో ఎవరో ఇప్పటికే ఎదుర్కొని, పరిష్కరించి, రాసిపెట్టి ఉంటారు. వాట్సాప్ ఉదాహరణ ఈ తేడాను చక్కగా చూపుతుంది. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు ఆ సంస్థను కొంటున్నట్లు ప్రకటించేనాటికి దాదాపు 45 కోట్ల మంది వాడుకరుల సందేశాలను ముప్పై మందికి కాస్త పైగా ఇంజనీర్లు నడిపిస్తున్నారు; వారి సర్వర్లు ఎర్లాంగ్ అనే, వెబ్ ప్రపంచంలో అంతగా చలామణిలో లేని భాషలో రాసినవి. పైపైన చూస్తే ఇది సాహసోపేతమైన కొత్తదనంలా కనిపిస్తుంది. కాని ఎర్లాంగ్ 1986 నుంచి స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ టెలిఫోన్ కంపెనీ ప్రయోగశాలలో, ఏకకాలంలో లక్షలాది సంభాషణలను తెగిపోకుండా నడపడం కోసమే రూపొందుతూ వచ్చిన భాష. 1998లో దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో రెండు దశాబ్దాలు కాగిన పనిముట్టును అదే స్వభావం గల మరో పనికి తెచ్చుకోవడమే అక్కడ జరిగింది. వాట్సాప్‌ను కొత్తదనపు విజయంగా చెప్పుకునేవారు ఈ పూర్వచరిత్రను సాధారణంగా వదిలేస్తారు.

పాతదాని పక్షాన వచ్చిన వాదాల్లో ఇటీవల ఎక్కువగా ఉదాహరించబడేది, ఎట్సీ అనే అమెరికన్ ఆన్‌లైన్ అంగడిలో పనిచేసిన డాన్ మెకిన్లీ 2015లో రాసిన వ్యాసం. విసుగు పుట్టించేంతగా తెలిసిపోయిన సాంకేతికతనే ఎంచుకోవాలని, ప్రతి సంస్థకూ కొత్తదనం మీద ఖర్చు పెట్టుకోవడానికి మహా అయితే మూడు టోకెన్లు ఉన్నట్లు భావించుకోవాలని, వాటిని డేటాబేస్ మీదో సర్వరు మీదో వృథా చేస్తే అసలు వ్యాపారానికి అవసరమైన కొత్త ఆలోచనకు ఏమీ మిగలదని ఆయన వాదన. దీని వెనక ఎట్సీ సొంత చరిత్ర ఉంది: 2000ల చివర్లో ఆ సంస్థ వెబ్‌పేజీలు రాసేవారికీ డేటాబేస్‌కూ మధ్య స్ప్రౌటర్ అనే సొంత పొరను కట్టుకుని, దానివల్ల ప్రతి చిన్న మార్పూ ఆలస్యమవుతుండడంతో కొన్నేళ్లకే దాన్ని తొలగించి, అందరికీ తెలిసిన పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ జంటకు మారింది. ఇంకా వెనక్కి వెళితే, ఐబీఎంలో పెద్ద ప్రాజెక్టులు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1986లో ప్రతిపాదించిన విభజన ఈ వాదానికి లోతైన పునాది ఇస్తుంది. సాఫ్ట్‌వేర్‌లోని కష్టాల్లో కొన్ని సమస్య స్వభావంలోనే ఉన్నవని, కొన్ని పనిముట్ల లోపం వల్ల వచ్చిపడినవని, కొత్త పనిముట్లు రెండో రకాన్ని మాత్రమే తగ్గించగలవని, మొదటి రకం ఎప్పటిలాగే మిగులుతుందని ఆయన అన్నారు. చీరల వర్తకుడి దగ్గర సరుకు ఎంత వెనక్కి వచ్చింది, దళారీ కమీషన్ ఎప్పుడు జమ అవుతుంది, అరువు గడువు ఏ బేరానికి ఎంత అన్న చిక్కులు ఏ భాషలో రాసినా చిక్కులే.

ఎదుటి పక్షాన నిలిచే రచన పాల్ గ్రాహం 2001లో రాసినది. 1995లో మిత్రులతో కలిసి వయావెబ్ అనే ఆన్‌లైన్ దుకాణాల సాఫ్ట్‌వేర్‌ను లిస్ప్ భాషలో రాసి, 1998లో దాన్ని యాహూకు అమ్మిన ఆయన, పోటీదారులు ఎవరూ వాడని శక్తిమంతమైన భాషే తమకు ఆధిక్యం ఇచ్చిందని వాదించారు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. కాని లిస్ప్ 1958లో మొదలైన భాష అని, గ్రాహం అప్పటికే దాని మీద పుస్తకాలు రాసినంతటి నిపుణుడని గుర్తుంచుకుంటే, ఆయన ఎంచుకున్నది తనకు అత్యంత పరిచితమైన పనిముట్టునేనని తేలుతుంది. అది పరిచితం కానిది ఆయన తర్వాత వచ్చినవారికి. యాహూ చేతికి వెళ్లాక ఆ వ్యవస్థను కొన్నేళ్లకు సీ++, పెర్ల్ భాషల్లో తిరగరాశారు. స్థాపకుడికీ వారసుడికీ ఒకే సాంకేతికత ఒకే రకంగా కనిపించదన్న ఈ అంశం సాఫ్ట్‌వేర్ సాహిత్యంలో దక్కవలసినంత స్థలం దక్కించుకోలేదు.

అయితే పాతదాన్నే పట్టుకుని ఉండడం నిశ్చలమైన, ఖర్చులేని స్థితి అనుకోవడం పొరపాటు. భారతదేశంలో చిన్న వ్యాపారాల లెక్కల ప్రోగ్రాములు ఒకప్పుడు విరివిగా ఫాక్స్‌ప్రోలో, విజువల్ బేసిక్ 6లో రాసేవారు. విజువల్ ఫాక్స్‌ప్రోకు కొత్త సంచిక ఇక రాదని మైక్రోసాఫ్ట్ 2007లో ప్రకటించింది, 2015 జనవరితో మద్దతు కూడా ముగిసింది. అయినా నడుస్తున్న ప్రోగ్రాము ఆ రోజున ఆగిపోదు కనక ఎవరూ కదలలేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పరిస్థితి మారింది. అంతవరకు పన్నుల లెక్క పెద్దగా పట్టని సూరత్ వస్త్ర వ్యాపారులు ఆ నెలలో సమ్మెకు దిగడం దేశమంతటా వార్త అయింది. ఆ సమ్మె వెనక పన్ను భారంతో పాటు, నెలనెలా కంప్యూటరులో దాఖలు చేయవలసిన లెక్కల భయం కూడా ఉంది. రాసినవాడు అందుబాటులో లేని పాత ప్రోగ్రాములో సరుకు వర్గీకరణ సంఖ్యలను, కేంద్ర రాష్ట్ర పన్నుల విభజనను చేర్చడం సాధ్యం కాక, చాలామందికి టాలీ వంటి అంగడి సరుకుకు మారడమే దారి అయింది. 1986లో మొదలైన టాలీ ఇక్కడ నెగ్గడానికి కారణం దాని సాంకేతిక శ్రేష్ఠత కన్నా, అది తెలిసిన గుమాస్తా ప్రతి వీధిలో దొరకడం. పరిచితమైన సాంకేతికత అంటే అసలు అర్థం ఇదే: రేపు పిలిస్తే వచ్చి చేయగల మనిషి ఆ ఊళ్లో ఉండడం.

మద్దతు ఆగిపోవడం పాతవాటికే పరిమితం కాదు. 2010లో గూగుల్ అండతో వచ్చిన యాంగులర్‌జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ కొద్దికాలంలోనే అందరి నోటా నానింది. 2016 సెప్టెంబరులో దాని తర్వాతి సంచికను పాతదానితో పొత్తు కుదరని విధంగా మొదటి నుంచీ రాసి విడుదల చేశారు, 2021 చివరితో పాతదానికి మద్దతు ఆపేశారు. పెద్ద కంపెనీ వెనక ఉందన్న ధైర్యంతో 2014లో దాన్ని ఎంచుకున్న చిన్న సంస్థ, ఏడేళ్లలోపు తన ప్రోగ్రాములో సగం తిరగరాసుకోవలసిన స్థితిలో పడింది. అదే కాలంలో ఆ ప్రోగ్రాము వెనక ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైనది, ఏ గొడవా లేకుండా పని చేస్తూ వచ్చింది. తెరమీద కనిపించే భాగాల్లో సాంకేతికతలు త్వరగా పుట్టి త్వరగా పోతాయి, సమాచారం నిలిచే భాగాల్లో నిదానంగా మారతాయి. కనక కొత్తదాని మీద జూదం ఆడాలనుకుంటే పైపొరలో ఆడడం, అట్టడుగున ఆడకపోవడం మంచిదన్న సూత్రానికి ఇంతవరకు గట్టి ప్రతివాదం రాలేదు.

తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణల్లో పాతదాని మన్నికకు రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను మించినది లేదు. 1980ల మధ్యలో సీఎంసీ సంస్థ ఢిల్లీలో ఫోర్ట్రాన్ భాషలో రాసిన తొలి వ్యవస్థ ఒక్కొక్క కేంద్రానికి విడివిడిగా పనిచేసేది. దేశంలోని కేంద్రాలన్నిటినీ కలిపే కాన్సర్ట్ అనే వ్యవస్థను రైల్వేల సొంత సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారుచేసి, 1990ల మధ్యలో మొట్టమొదట సికింద్రాబాద్‌లో అమలు చేసింది. సీ భాషలో, వీఎంఎస్ అనే నిర్వహణ వ్యవస్థ మీద కట్టిన కాన్సర్ట్, కింది యంత్రాలు తరాల వెంట మారుతున్నా మూడు దశాబ్దాలు దేశపు టిక్కెట్ల భారాన్ని మోసింది. నిమిషానికి దాదాపు 32,000 టిక్కెట్ల స్థాయి నుంచి లక్షన్నరకు పెంచేలా కొత్త వ్యవస్థను తెస్తున్నట్లు రైల్వే శాఖ 2025లో ప్రకటించింది. ఇందులోని పాఠాన్ని పాత సాంకేతికతే మేలన్న వాక్యంగా కుదించడం న్యాయం కాదు. వీఎంఎస్ తెలిసినవారు బయట అంగడిలో తగ్గిపోతున్నా, క్రిస్ తన లోపల ఆ నైపుణ్యాన్ని ఒక తరం నుంచి మరో తరానికి అందించుకుంటూ వచ్చింది కాబట్టి ఆ మన్నిక సాధ్యమైంది. అటువంటి సంస్థాగత జ్ఞాపకం లేని చోట అదే ఎంపిక పదేళ్లలో గుదిబండ అయ్యేది.

కొత్తదనం తప్పనిసరైన సందర్భానికి ఆధార్ ఉదాహరణ. సూరత్ నుంచి భుసావల్ వెళ్లే తపతీ రైలు మార్గంలోని నందుర్బార్ జిల్లాలో, టెంభ్లీ గ్రామంలో 2010 సెప్టెంబరు 29న తొలి సంఖ్యను ఇచ్చిన ఈ పథకంలో, కొత్తగా నమోదయ్యే ప్రతి వ్యక్తి వేలిముద్రలను, కనుపాప చిత్రాలను అప్పటికే నమోదైన అందరితోనూ పోల్చి, ఒకరికి రెండు సంఖ్యలు రాకుండా చూడాలి. శతకోటి మందికి అటువంటి పోలిక అంతకు ముందు ఎక్కడా జరగలేదు. అక్కడ చేయి తిరిగిన పనిముట్టు లేదు కనక కొత్తదాన్ని నమ్ముకోక తప్పలేదు. నిర్మాతల విజ్ఞత ఆ తప్పనిసరి కొత్తదనాన్ని ఒకే గదిలో బంధించడంలో ఉంది. మిగతా వ్యవస్థకు జావా, లినక్స్, మైఎస్‌క్యూఎల్ వంటి, వేలమందికి తెలిసిన ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నారు. పోలిక చేసే యంత్రాంగాన్ని మాత్రం, హైదరాబాద్‌కు చెందిన మహీంద్రా సత్యం భాగస్వామిగా ఉన్న కూటమితో సహా, మూడు వేర్వేరు సరఫరాదారుల నుంచి తీసుకుని, ఒకదాని పక్కన ఒకటి నడిపి, బాగా పనిచేసినవారికి ఎక్కువ వాటా ఇచ్చే పద్ధతి పెట్టారు. తెలియనిదాన్ని ఒక్కరి చేతిలో పెట్టకపోవడం దాని ప్రమాదాన్ని తగ్గించే మార్గాల్లో ఖరీదైనదే అయినా నమ్మదగినది.

దీనికి విరుద్ధంగా, కొత్తదనాన్ని సమస్య లేని చోట పెట్టిన సందర్భానికి భూమి రికార్డులు నిదర్శనం. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డులకు బ్లాక్‌చెయిన్ వాడే ప్రయోగాలను స్వీడన్ సంస్థ క్రోమావే సహకారంతో చేపడుతున్నట్లు ప్రకటించినప్పుడు జాతీయ స్థాయిలో ప్రశంసలు వచ్చాయి. బ్లాక్‌చెయిన్ అంటే, ఒక నమోదు జరిగాక దాన్ని ఎవరూ రహస్యంగా మార్చలేని విధంగా, అనేక కంప్యూటర్లలో గొలుసుగా దాచే పద్ధతి. అయితే తెలుగు రాష్ట్రాల్లో భూవివాదాలు అత్యధికంగా నమోదుకు ముందే పుడతాయి: సర్వే హద్దులకూ సాగు హద్దులకూ పొంతన లేకపోవడం, అన్నదమ్ముల పంపకాలు కాగితం మీదికి రాకపోవడం, రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు, దేశంలో రిజిస్ట్రేషన్ అనేది లావాదేవీకి సాక్ష్యమే తప్ప యాజమాన్యానికి ప్రభుత్వ హామీ కాకపోవడం. తప్పుగా ఎక్కిన వివరాన్ని మార్చడానికి వీల్లేని విధంగా భద్రపరిస్తే తప్పే భద్రంగా ఉంటుంది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి పోర్టల్ ఇంతటి కొత్త సాంకేతికతను నెత్తికెత్తుకోకపోయినా, తప్పులు దిద్దే అధికారం ఎవరికి ఎంత అన్న ప్రశ్న దగ్గరే తీవ్ర విమర్శకు గురై, 2025లో చట్టంతో సహా మారి భూభారతి అయింది. అటు కొత్త సాంకేతికత, ఇటు పాతది. రెండు చోట్లా తేలవలసింది సాంకేతికతకు బయట ఉంది. ఏ పనిముట్టు అన్న చర్చ ఒక్కోసారి, తేల్చుకోవడానికి ఇష్టం లేని మరో చర్చను తప్పించుకునే మర్యాదైన మార్గం అవుతుంది.

పరిచితమైనదాని ఖరీదును ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్నకు తెలుగు అక్షరాల చరిత్రను మించిన ఉదాహరణ దొరకదు. 1990ల నుంచి తెలుగు ముద్రణా రంగం అను వంటి ఫాంట్ల మీద, పేజ్‌మేకర్ అనే పుటల కూర్పు ప్రోగ్రాము మీద స్థిరపడింది. ఈ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు గుణింతాల, ఒత్తుల ముక్కలను కూర్చారు. కాగితం మీద అచ్చు పడేది తెలుగే అయినా, కంప్యూటరు జ్ఞాపకంలో ఉండేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుస. ప్రపంచ భాషలన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నాటి తొలి సంచికలోనే చేరింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును చూపగలిగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యూనికోడ్ మీదే మొదలైంది. అయినా డీటీపీ కేంద్రాలు చాలాకాలం కదలలేదు, వారి వైపు నుంచి చూస్తే కదలకపోవడంలో తప్పూ లేదు. అను ఫాంట్ల అచ్చు అందంగా ఉండేది, తొలి యూనికోడ్ ఫాంట్లు పుస్తకానికి పనికొచ్చే తీరులో లేవు, పేజ్‌మేకర్ యూనికోడ్‌ను అర్థం చేసుకోలేదు, ఆపరేటరు వేళ్లకు పాత కీబోర్డే అలవాటు. 2001 తర్వాత కొత్త సంచిక రాని పేజ్‌మేకర్ ఆ తర్వాత ఎన్నో ఏళ్లు తెలుగు పుస్తకాలను తీసుకొచ్చింది.

ఆ ఎంపిక మూల్యం మాత్రం ఆపరేటరు మీద పడలేదు. ఆ దశాబ్దాల్లో కూర్చిన వేలాది పుస్తకాల, పత్రికల ఫైళ్లలో ఒక మాటను వెతకడం కుదరదు, అకారాది క్రమంలో పెట్టడం కుదరదు, నేరుగా వెబ్‌లో పెట్టడం కుదరదు. మార్పిడి ప్రోగ్రాములతో మార్చి, ఒత్తులు తారుమారైన చోటల్లా మనిషి కూర్చుని దిద్దాలి. కంప్యూటరుతోనే తయారైన తెలుగు పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికి మళ్లీ అచ్చు ప్రతిని స్కాన్ చేయడం నయమనిపించే వింత పరిస్థితి ఇది. 1992లో అమెరికన్ ప్రోగ్రామరు వార్డ్ కన్నింగ్‌హామ్ వాడుకలోకి తెచ్చిన సాంకేతిక రుణం అన్న భావన ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది, ఒక్క తేడాతో: అప్పు తీసుకున్న తరం ఒకటి, వడ్డీ కడుతున్న తరం మరొకటి. ఎంపిక చేసేవారు తమ ప్రాజెక్టు గడువు వరకే లెక్క వేసుకుంటే, పరిచితమైనదే ఎప్పుడూ చవకగా కనిపిస్తుంది.

ఖరీదు మరొకరు భరించే పరిస్థితి కొత్తదాని వైపు కూడా త్రాసును వంచుతుంది. సూరత్ నేత పరిశ్రమలో 1999 ఏప్రిల్ 1న మొదలైన సాంకేతిక ఉన్నతీకరణ నిధి పథకం కొత్త యంత్రాల రుణం మీద వడ్డీ రేటులో 5 శాతం పాయింట్లు భరించింది. పాత షటిల్ మగ్గాల పక్కన వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు వచ్చి చేరడంలో ఆ సబ్సిడీ పాత్ర చిన్నది కాదు. సాఫ్ట్‌వేర్‌లో అటువంటి సబ్సిడీ, క్లౌడ్ కంపెనీలు కొత్త సంస్థలకు మొదటి ఏడాది ఉచితంగా ఇచ్చే వాడుక మొత్తాల రూపంలో ఉంటుంది. ఆ మొత్తం ఉన్నంతవరకు ఆ కంపెనీకే ప్రత్యేకమైన డేటాబేస్‌ను వాడడం తెలివిగానే కనిపిస్తుంది. మొత్తం అయిపోయాక బిల్లు వస్తుంది, అప్పటికి బయటికి రావడానికి ప్రోగ్రాములో సగం మార్చాలి. మగ్గానికి ఇచ్చిన సబ్సిడీతో యజమానికి మగ్గం మిగిలింది. క్లౌడ్ సబ్సిడీతో మిగిలేది అలవాటు మాత్రమే.

మరో వంపు ఉద్యోగ విపణి నుంచి వస్తుంది. హైదరాబాద్‌లోని అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీది ప్రకటనలు చూస్తే ఏ కాలంలో ఏ సాంకేతికతకు గిరాకీ ఉందో తెలుస్తుంది: 2000 సంవత్సరపు తేదీల సమస్య నాటి మెయిన్‌ఫ్రేమ్, కోబాల్; తర్వాత జావా, డాట్‌నెట్; ఎస్ఏపీ, ఒరాకిల్; ఆపైన సెలీనియం, డెవాప్స్, డేటా సైన్స్. ఒక చిన్న ప్రాజెక్టులో అవసరం లేకపోయినా కొత్త సాంకేతికతను ప్రవేశపెట్టిన ఇంజనీరు, దాన్ని తన రెజ్యూమేలో రాసుకుని రెట్టింపు జీతానికి మరో చోటికి వెళ్లగలడు. మిగిలిపోయిన సంస్థ ఆ సాంకేతికత తెలిసిన మరొకరి కోసం వెతుక్కోవాలి. దీన్ని వ్యక్తుల స్వార్థంగా తీసిపారేయడం సబబు కాదు, ఎందుకంటే పాతదాన్నే నమ్మకంగా నడిపిన ఇంజనీరును ఇంటర్వ్యూలో వెనక్కి నెట్టేది కూడా ఇదే పరిశ్రమ. నైపుణ్యం పెంచుకునే అవకాశాన్ని ఉత్పత్తికి సంబంధం లేని లోపలి పనుల్లో కల్పించే సంస్థల్లో ఈ ఒత్తిడి కొంత తగ్గుతుంది. చిన్న సంస్థలకు ఆ వెసులుబాటు అరుదు.

ఆచరణలో పాటించదగిన పద్ధతుల మీద ఉన్న సాహిత్యం పెద్దదే అయినా చెప్పేది కొంచెమే. ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన, కొత్త పద్ధతుల వ్యాప్తిపై ప్రామాణిక గ్రంథం, చిన్న ఎత్తున ప్రయత్నించి చూడగలగడాన్ని ఒక కొత్త పద్ధతి స్వీకారానికి కావలసిన ఐదు లక్షణాల్లో ఒకటిగా లెక్కించింది; అమెరికాలో సంకరజాతి మొక్కజొన్నకు మారిన రైతులు కూడా ముందు కొద్ది నేలలోనే వేసి చూశారు. సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్రయత్నం మామూలు సందర్భాల్లో కాకుండా మూలల్లో జరగాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక తెలుగు అక్షర కూర్పు సందేశంలో వస్తే చాలు యాప్ కుప్పకూలిపోయేది; జ్ఞా రూపానికి సంబంధించిన ఆ లోపాన్ని యాపిల్ అదే నెల 19న విడుదల చేసిన సవరణతో సరిదిద్దింది. కోట్లమంది చేతుల్లో నలిగిన వ్యవస్థ కూడా తెలుగు సంయుక్తాక్షరం దగ్గర అపరిచితమే అయింది. సూరత్‌లోని ఏడు మాధ్యమాల పాఠశాలలకు హాజరు పట్టిక తయారుచేసేవారు గుజరాతీలో ప్రదర్శన చూసి సంతృప్తి పడితే తెలుగు, ఒడియా, ఉర్దూ పేర్ల దగ్గర ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

రెండో పద్ధతి, లోపల ఏది వాడినా బయటి హద్దు దగ్గర అందరికీ తెలిసిన రూపాన్ని ఉంచడం. సూరత్ ఎంబ్రాయిడరీ యూనిట్లలో డిజైను గీసే సాఫ్ట్‌వేర్లు ఎన్ని ఉన్నా, పంచింగ్ పూర్తయిన డిజైను యంత్రానికి చేరేది ఎక్కువగా జపాన్ కంపెనీ తజిమా పేరుతో స్థిరపడిన డీఎస్‌టీ ఫైలుగానే. అది చాలా పరిమితమైన రూపం. సూది ఎటు కదలాలో, రంగు ఎక్కడ మారాలో చెబుతుంది తప్ప ఆ రంగు ఏదో చెప్పదు, దాన్ని ఆపరేటరు విడిగా ఉన్న రంగుల చీటీ చూసి అమర్చుకోవాలి. ఇంతకన్నా మెరుగైన రూపాలు వచ్చినా డీఎస్‌టీ పోలేదు, ఎందుకంటే ఏ దేశపు యంత్రమైనా దాన్ని చదువుతుంది. ఈ ఏర్పాటు వల్ల డిజైనర్లు కొత్త సాఫ్ట్‌వేర్‌ను ధైర్యంగా ప్రయత్నించగలుగుతున్నారు. నచ్చకపోతే వదిలేసినా పాత డిజైన్లు పనికిరాకుండా పోవు. వెనక్కి వచ్చే దారి చవకగా ఉన్నప్పుడు కొత్తదాని మీద భయానికి ఆధారం తగ్గుతుంది, ఆ దారిని కట్టేది ఎక్కువసార్లు ఇటువంటి పాత, పేలవమైన, అందరికీ తెలిసిన ఫైలు రూపమే.

2021 నుంచి ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయకులు రావడంతో ఈ లెక్కలో కొత్త అంకె చేరింది. అప్పటికే రాసి ఉన్న కోడ్‌ను చదివి నేర్చుకున్న ఈ సాధనాలు పైథాన్, జావాస్క్రిప్ట్ వంటి విరివిగా వాడే భాషల్లో ధారాళంగా రాస్తాయి. నిరుడు వచ్చిన ఫ్రేమ్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి పాత సంచికకు చెందిన, కొన్నిసార్లు అసలు లేని ఆదేశాలను కూడా ఆత్మవిశ్వాసంతో రాసిస్తాయి. ఈ విధంగా అవి పాతదాని వైపు మరింత మొగ్గు తెస్తున్నాయి. మరోపక్క, బృందంలో ఎవరికీ రాని భాషలో కూడా తొలి ప్రతిని ఒక్క మధ్యాహ్నంలో చేతికిస్తున్నాయి కనక, అపరిచితమైనదాన్ని మొదలుపెట్టడానికి ఉండే తొలి అడ్డంకి దాదాపు తొలగిపోయింది. ఆల్థాన్‌లో నలుగురు మనుషుల సంస్థ తనకు తెలియని రస్ట్ భాషలో బిల్లింగ్ ప్రోగ్రామును ఇప్పుడు అమ్మగలదు. దీపావళి ముందు సరుకు కదిలే వారాల్లో ఆ బిల్లింగ్ నిలిచిపోయినప్పుడు, యంత్రం ఇచ్చిన సవరణ సరైనదో కాదో చదివి చెప్పగల మనిషి ఆ నలుగురిలో ఉండడు. యంత్రానికి ఉన్న పరిచయాన్ని బృందానికి ఉన్న పరిచయంగా జమకట్టుకున్న ప్రోగ్రాములు ఇంకా వయసులో చిన్నవి. పన్నుల చట్టం మారి, రాసినవారు వెళ్లిపోయి, వాటికి తొలి పెద్ద మరమ్మతులు ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి.